సినిమా ఒక్కటే, హక్కుదారులు ఎందరో



బహ్రెయిన్‌ను సౌదీ అరేబియాతో కలిపే కింగ్ ఫహద్ వంతెన 1986లో తెరుచుకుంది. పొడవు సుమారు 25 కిలోమీటర్లు. సరుకు లారీలు, ఉద్యోగులు, చుట్టాలు దాని మీదుగా వస్తూ పోతూ ఉండడం మనం రోజూ చూసేదే. వాళ్లతో పాటు ఇంకో రకం ప్రయాణికులు కూడా చాలా ఏళ్లు వచ్చారు. వాళ్లు సినిమా కోసం వచ్చే సౌదీ కుటుంబాలు. అక్కడ దశాబ్దాల తరబడి సినిమా హాళ్లు లేవు. 2018 ఏప్రిల్ 18న రియాద్‌లో మళ్లీ తెర మీద బొమ్మ పడేదాకా, వాళ్లకు దగ్గరి థియేటర్ అంటే వంతెనకు ఇవతల బహ్రెయిన్‌లో ఉన్నదే. అంటే ఇక్కడి హాలు వ్యాపారం చాలాకాలం పక్క దేశపు నిబంధన మీద కూడా ఆధారపడి నడిచింది.

ఈ ద్వీపంలో సినిమా ఎప్పుడూ సరిహద్దు దాటే వ్యవహారమే. బహ్రెయిన్‌లో 3 లక్షలకు పైగా భారతీయులు ఉన్నారు. వాళ్లలో కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చినవాళ్లున్నారు, కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లున్నారు. హైదరాబాద్‌లో తీసిన సినిమా వీళ్ల దగ్గరికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుంది? ఏ చేతిలో ఏ హక్కు ఉంటుంది? ఆ హక్కుల మీద తగాదా వస్తే ఏ చట్టం మాట్లాడుతుంది? ఈ రోజు ప్రసంగం వీటి గురించే.

ముందుగా హక్కు సంగతి. మన ఊళ్లలో ఒక మామిడితోట ఉందనుకోండి. భూమి ఒకరిది. ఈ ఏడాది కాపు ఇంకొకరు కొనుక్కుంటారు. చెట్ల కింద గడ్డి మరొకరు కోసుకుంటారు. తోట మధ్యలో చెరువుంటే చేపలు పట్టుకునే పాట వేరేవాళ్లు పాడుకుంటారు. నలుగురూ ఒకే తోటలో తిరుగుతున్నా ఎవరి హద్దు వాళ్లది. సినిమా హక్కులూ ఇలాగే ముక్కలవుతాయి. నెగటివ్ హక్కులు నిర్మాతవి. నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాల వారీగా బయ్యర్లు కొంటారు. ఓవర్సీస్ ఒకరికి, ఆడియో ఒకరికి, శాటిలైట్ ఒకరికి, డబ్బింగ్, రీమేక్ వేరొకరికి. ఇప్పుడు వీటికి ఓటీటీ తోడైంది.

ఆర్ఆర్ఆర్ సంగతే తీసుకోండి. 2022 మార్చి 25న థియేటర్లలోకి వచ్చింది. అదే ఏడాది మే 20న ఓటీటీలోకి వచ్చింది. అయితే తెలుగు మాటలతో చూడాలంటే జీ5, హిందీ మాటలతో చూడాలంటే నెట్‌ఫ్లిక్స్. బొమ్మ ఒకటే, రోజు ఒకటే. భాష మారేసరికి కొట్టు మారింది. ఇందులో తప్పేమీ లేదు. ఎవరి ముక్క వాళ్లు డబ్బిచ్చి కొనుక్కున్నారు.

మరి గొడవలు ఎక్కడ పుడతాయి? ఒప్పందంలో రాయని చోట పుడతాయి. పాత కాలంలో ఒక పేజీ కాగితం మీద అన్ని హక్కులూ ఇచ్చేశానని సంతకం పెట్టేవాళ్లు. అప్పటికి ఉపగ్రహ టీవీయే లేదు, ఇంటర్నెట్ ఎక్కడిది? ముప్పై ఏళ్ల తర్వాత ఆ సినిమా ఫోన్‌లో ప్రసారమైతే డబ్బు ఎవరికి చెందాలి? భారత పార్లమెంటు 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి దీనికొక జవాబు చెప్పింది. ఒప్పందం రాసుకున్ననాటికి వాడుకలో లేని మాధ్యమం ఏదైనా తర్వాత వస్తే, దాని పేరు స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఆ హక్కు బదిలీ అయినట్టు కాదని అంది.

అదే చట్టంలో 19వ సెక్షన్ పరదేశంలో ఉన్న మనకు మరీ ముఖ్యం. ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్లు అనుకోవాలి. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకోవాలి. అంటే హైదరాబాద్‌లో ఒకాయన హక్కులు కొన్నానంటూ కాగితం చూపించినా, అందులో విదేశాల మాట లేకపోతే ఆ హక్కు బహ్రెయిన్ రాజధాని మనామాకు రాదు. ఇక్కడ ప్రదర్శన పెట్టాలనుకున్న నిర్వాహకుడు మొదట చదవవలసిన వాక్యం ప్రాంతం గురించి రాసిన వాక్యమే. చాలామంది చివరికి గాని దాన్ని చదవరు.

ఇక పాట దగ్గరికి వద్దాం. 2017 మార్చిలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు గాయకుడిగా యాభై ఏళ్లు నిండిన సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. ఇళయరాజా గారి న్యాయవాది నుంచి నోటీసు వచ్చింది. తన స్వరాలను అనుమతి లేకుండా వేదిక మీద పాడవద్దని దాని సారాంశం. బాలు గారు ఆ విషయం ఫేస్‌బుక్‌లో తానే చెప్పి, చట్టం అలా ఉంటే పాటిస్తానని, ఆ పర్యటనలో ఇళయరాజా పాటలు పాడనని ప్రకటించారు. తెలుగు ఇళ్లలో ఇది పెద్ద చర్చ అయింది. పాడిన గొంతుకే పాట మీద హక్కు లేదా అని చాలామంది నొచ్చుకున్నారు.

చట్టం చూసే చూపు వేరు. ఒక పాటలో సాహిత్యం రాసినవారిది. స్వరం కట్టినవారిది. రికార్డు చేసిన ధ్వని మీద హక్కు సాధారణంగా నిర్మాతది లేదా ఆడియో కంపెనీది. గాయకుడికి తన గాన ప్రదర్శన మీద వేరే హక్కు ఉంటుంది. టికెట్ పెట్టి కచేరీ చేస్తే, సాహిత్యానికీ స్వరానికీ ప్రదర్శన హక్కు రుసుము కట్టాలి. మామూలుగా ఆ బాధ్యత గాయకుడి మీద కంటే నిర్వాహకుడి మీద పడుతుంది. 2012 సవరణ తర్వాత రచయితకూ స్వరకర్తకూ ఆ రుసుములో వాటా వదులుకోలేని హక్కుగా స్థిరపడింది. ఒకప్పుడు పాటకింత అని తీసుకుని వెళ్లిపోయిన కవుల కుటుంబాలకు ఇది చిన్న సంగతేం కాదు.

మరి పాత పాటలకు? గుండమ్మ కథ 1962లో వచ్చింది. భారత చట్టంలో సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ల రక్షణ. అంటే ఆ సినిమాకు సినిమాగా ఉన్న కాపీరైట్ 2022 డిసెంబరు 31తో తీరింది. అంతమాత్రాన అందులోని పాటలు అందరివీ అయిపోలేదు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. సంగీతం కూర్చిన ఘంటసాల గారు 1974లో పోయారు. రచనకూ సంగీతానికీ కర్త మరణించాక 60 ఏళ్ల రక్షణ కాబట్టి, ఒకటి 2031 చివరిదాకా, రెండోది 2034 చివరిదాకా నిలుస్తాయి. ఇదంతా భారతదేశం లెక్క. బహ్రెయిన్‌లో 2006 నాటి 22వ నంబరు చట్టం నడుస్తుంది. అదే ఏడాది ఆగస్టులో అమల్లోకి వచ్చిన అమెరికా–బహ్రెయిన్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 70 ఏళ్ల గడువును కోరింది. సముద్రం దాటితే లెక్క మారవచ్చు. అక్కడ ఫ్రీ కదా అని ఇక్కడ వాడేసుకోవడం తెలివైన పని కాదు.

ఒక ప్రశ్న సహజంగా వస్తుంది. తెనాలిలో రాసిన పాటకు మనామాలో రక్షణ ఎందుకుండాలి? బెర్న్ ఒప్పందం అనే అంతర్జాతీయ ఒడంబడిక ఉంది. భారతదేశం అందులో 1928లోనే చేరింది, బహ్రెయిన్ 1997లో చేరింది. దాని ప్రకారం ఒక సభ్యదేశపు రచనకు మరో సభ్యదేశం తన సొంత పౌరుల రచనకు ఇచ్చే రక్షణే ఇవ్వాలి. రిజిస్టరు చేయించుకుని ఉండాలన్న షరతు కూడా లేదు. కాబట్టి ఉగాదికో సంక్రాంతికో తెలుగు కళా సమితి వంటి మన సంఘాల వేదికల మీద వినిపించే పాటలకు, పిల్లలు డ్యాన్స్ చేసే ట్రాకులకు ఇక్కడి చట్టమే వర్తిస్తుంది. ఇంట్లో పాడుకుంటే ఎవరూ అడగరు. హాలు అద్దెకు తీసుకుని, స్పాన్సర్ల బ్యానర్లు కట్టి, టికెట్లు అమ్మితే అది బహిరంగ ప్రదర్శన. రుసుము ఎంత, ఎవరికి కట్టాలి అన్నది నిర్వాహకులు ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

కథ చౌర్యం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోదాం. ఇది మన పరిశ్రమలో తరచూ వినబడే ఆరోపణ. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో భారత సుప్రీంకోర్టు గీసిన గీతే ఇప్పటికీ దిక్కు. ఆలోచన ఎవరి సొత్తూ కాదు. దాన్ని చెప్పిన తీరు, పాత్రలు, సన్నివేశాల అల్లిక మాత్రమే సొత్తు. పల్లెను దత్తత తీసుకునే ధనవంతుడి కథ ఎవరైనా రాయవచ్చు. రాసిన వరస ఒకేలా ఉందా అన్నదే కోర్టు చూస్తుంది. శ్రీమంతుడు సినిమా కథను స్వాతి పత్రికలో వచ్చిన తన నవల నుంచి తీసుకున్నారని ఒక రచయిత వేసిన కేసు నాంపల్లి కోర్టు నుంచి ఢిల్లీ దాకా వెళ్లింది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి ఒప్పుకోలేదు. నిజానిజాలు విచారణలో తేలవలసినవే.

ఇప్పుడు పైరసీ. 2013 సెప్టెంబరులో అత్తారింటికి దారేది విడుదలకు ముందే సగం దాకా బయటికి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సెల్‌ఫోన్ దుకాణంలో అమ్మకానికి దొరికింది. అక్టోబరులో రావలసిన సినిమాను సెప్టెంబరు 27కే హడావుడిగా విడుదల చేశారు. 2025 ఫిబ్రవరిలో తండేల్ విడుదలైన కొద్ది రోజులకే ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సులో దొంగ ప్రింటు వేశారని నిర్మాతలు ఫిర్యాదు చేస్తే సంస్థ విచారణకు ఆదేశించింది. భారతదేశం 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, థియేటర్‌లో దొంగచాటుగా చిత్రీకరిస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల రూపాయల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా జరిమానా పెట్టింది.

గల్ఫ్‌లో పైరసీ ఇంకో స్థాయికి వెళ్లింది. అది దేశాల మధ్య వ్యాజ్యమే అయింది. 2017 జూన్ 5న సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. జూలై 31న ఖతార్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి సౌదీ మీద, యూఏఈ మీద, బహ్రెయిన్ మీద మూడు వేర్వేరు ఫిర్యాదులు చేసింది. వస్తువులు, సేవలతో పాటు మేధోసంపత్తి హక్కులూ వాటిలో ఉన్నాయి. బహ్రెయిన్ మీద వేసినది సంప్రదింపుల దశ దాటలేదు. ఆ ఏడాదే బీఅవుట్‌క్యూ అనే దొంగ ప్రసారం మొదలై, ఖతార్‌కు చెందిన బీఇన్ స్పోర్ట్స్ చానెళ్లను దొంగిలించి చూపింది. 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచులూ అందులో వచ్చాయి. ఆ దొంగ ప్రసారం మీద చర్య తీసుకోలేదంటూ ఖతార్ 2018లో సౌదీపై అదే సంస్థ దగ్గర విడిగా కేసు వేసింది.

ఆ కేసులో 2020 జూన్ 16న వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ నివేదిక చదవదగ్గది. జాతీయ భద్రత కోసమని సౌదీ చెప్పిన వాదనను కొంతవరకు ఒప్పుకుంది. ఖతార్ కంపెనీకి సౌదీ న్యాయవాదులు దొరకకుండా చేసిన చర్యలకు ఆ సాకు చెల్లుతుందని అంది. వాణిజ్య స్థాయిలో పైరసీ చేసేవాళ్ల మీద క్రిమినల్ చర్య తీసుకోకపోవడానికి మాత్రం భద్రతతో సంబంధం లేదని తేల్చింది. దేశాలు పోట్లాడుకుంటున్నా దొంగ సిగ్నల్‌ను శిక్షించే బాధ్యత తప్పదన్నది దాని భావం. 2021 జనవరిలో అల్ ఉలాలో రాజీ కుదిరాక, 2022లో ఆ వ్యాజ్యమూ ముగిసిపోయింది.

మనకు దీంతో పనేమిటంటే, గదిలో నలుగురు కలిసి కొనుక్కునే దొంగ చానెళ్ల బాక్సు కూడా ఈ గొలుసులోదే. కొన్ని దీనార్లకు ఏడాదంతా వేల చానెళ్లు అని అమ్మేవాడి దగ్గర ఏ హక్కూ ఉండదు. అమెరికాతో చేసుకున్న ఒప్పందంలోనే బహ్రెయిన్ ఎన్‌క్రిప్ట్ చేసిన ఉపగ్రహ సిగ్నళ్ల చోరీని అడ్డుకుంటానని మాట ఇచ్చింది. వర్క్ పర్మిట్ మీద బతికే మనిషికి పరాయి దేశంలో కేసు అంటే జరిమానాతో పోయేది కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది కాపీరైట్ వైపు. రెండో వైపు పోటీ చట్టం. హక్కుదారుడికి వద్దు అనే అధికారం కాపీరైట్ ఇస్తుంది. నా సినిమా నీకు అమ్మను అనవచ్చు. అయితే పదిమంది కూడబలుక్కుని ఒకేసారి వద్దు అంటే? లేదా తమది కాని సినిమాను కూడా ఆడనివ్వం అంటే? అక్కడ పోటీ చట్టం అడుగు పెడుతుంది.

2009 ఏప్రిల్‌లో హిందీ నిర్మాతలు, పంపిణీదారులు ఒక్కటై మల్టీప్లెక్సులకు కొత్త సినిమాలు ఆపేశారు. వసూళ్లలో వాటా గురించి పేచీ. సుమారు రెండు నెలలు అలా సాగింది. నిర్మాతలు కాపీరైట్ మాది, ఇవ్వకపోవడం మా ఇష్టం అన్నారు. కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఒప్పుకోలేదు. ఒక్కొక్కరి ఇష్టం వేరు, అందరూ కలిసి కట్టిన ముఠా వేరు అంటూ 2011 మేలో 27 మంది నిర్మాతలకు తలా లక్ష రూపాయలు జరిమానా వేసింది. పెద్ద సంస్థలకు ఆ లక్ష లెక్కలోది కాదు. నిలిచింది ఆ సూత్రం.

రెండో ఉదాహరణ కోల్‌కతాది. మహాభారతం సీరియల్‌ను బెంగాలీలోకి డబ్ చేసి ప్రసారం చేయబోతే, స్థానిక కళాకారుల, సాంకేతిక నిపుణుల సంఘాలు చానెళ్ల మీద ఒత్తిడి తెచ్చాయి. డబ్బింగ్ వస్తే మా పొట్ట కొట్టినట్టే అన్నది వాళ్ల బాధ. ఇది పోటీకి విరుద్ధమన్న కమిషన్ పక్షాన 2017 మార్చి 7న సుప్రీంకోర్టు నిలిచింది. నిరసన తెలిపే హక్కు ఉంది గానీ, కలిసికట్టుగా మార్కెట్ తలుపు మూసే హక్కు లేదన్నది ఆ తీర్పు. కర్ణాటకలో కన్నడ డబ్బింగ్‌పై దశాబ్దాల అనధికార నిషేధం విషయంలోనూ 2015లో కమిషన్ అక్కడి ఫిల్మ్ చాంబర్‌కు జరిమానా వేసింది. ఆ తర్వాత 2019లో సైరా నరసింహారెడ్డి కన్నడ మాటలతో బెంగళూరులో ఆడింది. తెలుగు సినిమాకు అది కొత్త మార్కెట్.

మన దగ్గర 2022 ఆగస్టులో తెలుగు నిర్మాతలు షూటింగులు ఆపి కూర్చుని మాట్లాడుకున్నారు. థియేటర్ విడుదలకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాల ఎడం ఉండాలన్నది ఆ చర్చల్లో ముఖ్యమైన తీర్మానం. హాళ్లు బతకాలంటే ఎడం అవసరమన్న వాదనలో బలముంది. అయితే సినిమా ఇక్కడి హాలుకు రాకపోతే, ఆ ఎనిమిది వారాలూ బహ్రెయిన్‌లోని ప్రేక్షకుడికి ఉత్త ఎదురుచూపే. ఉమ్మడి నిర్ణయం ఎంత మంచిదైనా, దాని ఖర్చు ఎవరి మీద పడుతోందో ఎవరో ఒకరు అడగాలి.

ఇక విలీనాలు. 2024 ఆగస్టు 28న రిలయన్స్, డిస్నీల భారత వినోద వ్యాపారాలు కలవడానికి కమిషన్ కొన్ని షరతులతో అనుమతి ఇచ్చింది. 70 వేల కోట్ల రూపాయలు దాటిన సంస్థ అది. క్రికెట్ హక్కుల్లో పెద్ద భాగం ఒకే గూటికి చేరింది. కొనేవాళ్లు తగ్గితే చిన్న నిర్మాత బేరమాడే శక్తి తగ్గుతుంది. అమ్మేవాళ్లు తగ్గితే చందా కట్టే మనకు ఎంపిక తగ్గుతుంది. బహ్రెయిన్‌కు కూడా 2018లో పోటీ పరిరక్షణకు 31వ నంబరు చట్టం వచ్చింది. పోటీని దెబ్బతీసే ఒప్పందాలను, ఆధిపత్య దుర్వినియోగాన్ని అది నిషేధిస్తుంది. చిన్న దేశాల్లో పంపిణీ కొద్ది చేతుల్లో ఉంటుంది గనుక, ఇలాంటి చట్టం అవసరం పెద్ద దేశాలకంటే ఇక్కడే ఎక్కువని నా అభిప్రాయం.

శ్రోతలారా, ఈ రెండు చట్టాలూ కలిసినా ఒక ఖాళీ మిగులుతుంది. హక్కుదారుడు ఒంటరిగా, ఎవరితోనూ కుమ్మక్కు కాకుండా, బహ్రెయిన్‌లో నా సినిమా పెట్టను అంటే సాధారణంగా ఏ చట్టమూ అతణ్ని బలవంతం చేయదు. ఇండియాలో కనబడే సినిమా ఇక్కడ యాప్ తెరిస్తే కనబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఈ ప్రాంతపు హక్కు ఎవరూ కొనలేదు, లేదా కొన్నవాళ్లు ఇంకా బయటపెట్టలేదు. మనలో చాలామంది దొంగ లింకును సమర్థించుకునేది ఈ ఖాళీని చూపించే. డబ్బివ్వడానికి సిద్ధంగా ఉన్నాం, అమ్మేవాడే లేడు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు.

కానీ వ్యాపారి వైపు నుంచి ఒకసారి చూడండి. ఓవర్సీస్ బేరం కుదిర్చేటప్పుడు పంపిణీదారుడు గల్ఫ్‌లో ఏ దేశంలో ఎన్ని టికెట్లు తెగాయో చూస్తాడు. ఓటీటీ సంస్థ ఏ దేశంలో ఎందరు చందాదారులో చూస్తుంది. బాక్సులో చూసిన వెయ్యిమంది ఏ కాగితం మీదికీ ఎక్కరు. పోయినసారి అక్కడ తెలుగుకు గిరాకీ లేదు అని రాసుకుని, ఈసారి మన హక్కును కొనకుండా వదిలేస్తారు. అప్పుడు మళ్లీ సినిమా దొరకదు, మళ్లీ దొంగ లింకే గతి. ఖాళీని చూసి మనం చేసే పనే ఆ ఖాళీని పెంచుతోంది.

దీనికి చేయదగ్గవి ఉన్నాయి. సంఘాలు సభ్యుల సంఖ్యతో పంపిణీదారుకు రాయవచ్చు. ఇన్ని టికెట్లు ముందే తీసుకుంటాం, ఒక ఆట వేయండి అని అడగవచ్చు. కచేరీ బడ్జెట్‌లో హాలు అద్దె పక్కనే పాటల రుసుముకు ఒక వరుస పెట్టవచ్చు. చందా కట్టే యాప్‌లో మనకు కావలసిన సినిమా ఈ దేశంలో లేదని ఫిర్యాదు పెట్టవచ్చు. ఇవేవీ రేపటికి రేపు ఫలించేవి కావు. అయితే హక్కుల వ్యాపారంలో ప్రేక్షకుడి మాట వినబడేది అంకెగా మారినప్పుడే. బహ్రెయిన్ తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నామని ఆ లెక్కల పుస్తకంలోకి ఎక్కాల్సిన పని మనదే.